ముప్పై మూడు గుండుసూదులు

మచిలీపట్నంలోని మా ఇంటి ముందు గది ఒక్కటే, దాని ఉపయోగాలు రెండు. పగలంతా అది కుట్టుపని గది. అయిదు పూటలా అది నమాజు గది. గోడవారగా రెండు కుట్టుమిషన్లు, నడుమ గుడ్డ కత్తిరించుకోవడానికి పరచిన చాప ఉంటాయి. అజాన్ వినబడగానే ఆ చాపను చుట్టి, అదే స్థలంలో జానమాజులు పరుస్తాము. తోటికోడళ్ళమైన మేమిద్దరం ఇరవై రెండేళ్ళుగా ఈ గదిలోనే కుడుతున్నాము, ఈ గదిలోనే సజ్దా చేస్తున్నాము. కుట్టుపనిని మాకు నేర్పినది మా అత్తగారు.

ఈ వ్యాసం గుండుసూదిని గురించి. ఇంత అల్పమైన వస్తువును గురించి కుటుంబ పత్రికలో రాయవలసినది ఏముంటుందని పాఠకులకు అనిపించవచ్చు. మాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. అంగడిలో కొన్ని రూపాయలకు డబ్బాడు గుండుసూదులు వస్తాయి. ఒకటి పోతే మరొకటి తీసుకుంటాము. పోయినది ఎక్కడికి పోయిందని ఎవరమూ ఆలోచించము. అయితే గుండుసూది ఎక్కడికీ పోదు. మన కంటికి కనబడని చోట, మన చేతికి అందని చోట, మరెవరి శరీరం కోసమో కాచుకుని ఉంటుంది. ఈ సంగతిని మేము ఒక పండుగనాడు తెలుసుకున్నాము.

అది పదహారేళ్ళ క్రితం మాట. రంజాన్ నెల చివరి పది రోజులు. కుట్టు వృత్తిలో ఉన్నవారికి ఆ రోజుల ఒత్తిడి చెప్పనవసరం లేదు. ఇఫ్తార్ ముగించి, తరావీహ్ నమాజు చేసుకుని, సహరీ వేళ వరకు మిషన్ల ముందు కూర్చునేవాళ్ళము. మా వీధిలోని ఒక సోదరి తన నాలుగేళ్ళ పాపకు గులాబీ రంగు సాటిన్ గౌను కుట్టమని గుడ్డ ఇచ్చారు. నెలవంక కనబడిన రాత్రి దానికి చివరి కుట్టు వేసి, ఇస్త్రీ చేసి, మడిచి పంపించాము.

పండుగ సాయంత్రం ఆ సోదరి మా ఇంటికి వచ్చారు. షీర్ ఖుర్మా ఇవ్వడానికి వచ్చారనుకుని ఎదురు వెళ్ళాము. ఆమె చేతిలో గిన్నె లేదు. పిడికిలి విప్పి, మిషను బల్ల మీద ఒక గుండుసూదిని పెట్టారు. గౌను నడుము దగ్గర, లైనింగుకూ సాటిన్‌కూ మధ్య అది ఉండిపోయింది. ఉదయమంతా పాప దానిని వేసుకుని ఆడుకుంది, ఏమీ కాలేదు. ఈద్గాహ్ నుండి తిరిగి వచ్చిన తండ్రి పాపను ఎత్తుకుని గుండెకు హత్తుకున్నారు. ఆ ఒత్తిడికి సూది పాప పక్కలో దిగింది. పాప ఏడుస్తున్నది ఎందుకో తెలియక, ఓదార్చడానికి ఆయన మరింత గట్టిగా హత్తుకున్నారట. ఆ సోదరి ఇంతవరకే చెప్పారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వచ్చినట్లే వెళ్ళిపోయారు.

ఆ సూదిని మరచినది ఎవరు? మా ఇద్దరి మనసుల్లోనూ మొదట మెదిలిన ప్రశ్న ఇదే. లైనింగు అమర్చినది ఒకరు, నడుము కుట్టినది మరొకరు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్న సమయంలో అత్తగారు అన్నారు: "ఎవరు మరిచారో నాకు చెప్పకండి. మీలో మీరు కూడా అడుక్కోకండి. సూది ఈ ఇంటి నుండి వెళ్ళింది. అది ఈ ఇంటి తప్పు. ముందు నన్ను ఆ పాప దగ్గరకు తీసుకువెళ్ళండి."

అప్పటికే ఆమెకు మోకాళ్ళ నొప్పి ఎక్కువగా ఉండేది. అయినా ఆ రాత్రే నడిచి వెళ్ళి, ఆ తల్లిదండ్రులను క్షమాపణ కోరారు. పాపకు పడిన గాయాన్ని స్వయంగా చూశారు. దానిని అప్పటికే సబ్బుతో కడిగారని, పాపకు టెటనస్ టీకాలన్నీ సకాలంలో పడ్డాయని తెలుసుకున్న తరువాతనే ఇంటికి తిరిగి వచ్చారు. తుప్పు పట్టిన సూది గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందని చాలామంది భావిస్తారు. తుప్పు దానికి కారణం కాదు. మట్టిలోనూ ధూళిలోనూ ఉండే సూక్ష్మజీవి గాయం ద్వారా లోనికి వెళ్ళడమే దానికి కారణం. కనుక మెరిసే సూది గుచ్చుకున్నా గాయాన్ని కడగాలి, టీకా సంగతి కనుక్కోవాలి.

మరునాడు అత్తగారు మా గుండుసూదుల డబ్బాను చాప మీద బోర్లించారు. అది పాత బిస్కెట్ల డబ్బా. రెండు వందలకు పైగా సూదులు కుప్పగా పడ్డాయి. వాటిని ఆమె ఒక్కొక్కటిగా వేరు చేశారు. తుప్పు మచ్చ పడినవి ఒక పక్క, వంగినవి మరో పక్క, మొన మొద్దుబారినవి ఇంకొక పక్క. కాగితాలకు గుచ్చే లావుపాటి గుండుసూదులు కూడా అందులో కలిసిపోయి ఉన్నాయి. అవి గుడ్డ కోసం చేసినవి కావు. మందంగా ఉండి, మొన గరుకుగా ఉండి, మెత్తని బట్టలో పోగులను తెంపుతాయి. అన్నీ తీసివేయగా పనికివచ్చేవి డెబ్బయి లోపే మిగిలాయి. వాటి నుండి మాలో ఒక్కొక్కరికి 33 చొప్పున లెక్కపెట్టి ఇచ్చారు.

ముప్పై మూడే ఎందుకని అడిగాము. తస్బీహ్ అలవాటు ఉన్నవారు ఆ లెక్కను మరువరని ఆమె జవాబిచ్చారు. ఆ సంఖ్యలో సూదులు ఉంచుకుంటే ఏదో పుణ్యం వస్తుందని ఆమె చెప్పలేదు. ధర్మంలో లేనిదానిని ధర్మమని చెప్పడం ఆమెకు ఎంతమాత్రం ఇష్టం ఉండేది కాదు. ఆమెకు కావలసినది మతిమరుపుకు లొంగని ఒక సంఖ్య మాత్రమే.

నాటి నుండి మా ఇంట ఒక నియమం ఏర్పడింది. కుట్టిన బట్టను మడిచే ముందు సూదులను లెక్కపెట్టాలి. 33 ఉంటేనే బట్టను మడవాలి. 32 ఉంటే పని ఆపి వెతకాలి. మొదట ఆ బట్ట అంచులను, మడతలను, లైనింగును వేళ్ళతో తడిమి చూడాలి. తరువాత చాపను దులపాలి. ఆ తరువాత నేల మీద అయస్కాంతాన్ని తిప్పాలి. రేడియోలు బాగుచేసే దుకాణం నుండి తెచ్చుకున్న పాత స్పీకరు అయస్కాంతం మాకు ఇప్పటికీ పనిచేస్తున్నది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అన్ని గుండుసూదులూ అయస్కాంతానికి అంటవు. ఇత్తడితో చేసినవి, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసినవి అంటుకోవు. కొన్న రోజునే పరీక్షించి చూసుకోవాలి. అంటని సూదులను వాడేవారు అయస్కాంతాన్ని నమ్ముకుంటే మోసపోతారు.

ఒక రాత్రి ఇషా వేళకు లెక్క 32 వద్ద ఆగిపోయింది. బట్టలో లేదు, నేల మీద లేదు. చివరకు అది చాప అల్లికలో నిలువునా దాగి, మొన మాత్రం పైకి చూస్తూ కనబడింది. చాపను చూడకుండా చుట్టి ఉంటే చేతిలో గుచ్చుకునేది. నేల మీద జారిపడి ఉంటే, అదే చోట జానమాజు పరచుకుని సజ్దాకు వంగిన నుదుటికి తగిలేది. మనకు అత్యంత ప్రియమైన ప్రార్థనా స్థితిలో మన కుటుంబ సభ్యులకు మన చేతి అజాగ్రత్త గుచ్చుకోవడాన్ని మించిన సిగ్గు ఏముంటుంది?

ఆ రాత్రి అత్తగారు మాకు ఒక హదీసును గుర్తుచేశారు. హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. బాణాలు చేతబట్టి మస్జిదులలోగాని బజార్లలోగాని నడిచేవారు వాటి మొనలను చేతితో మూసి పట్టుకోవాలని, ఏ ముస్లింకూ అవి తగలరాదని దైవప్రవక్త (స) ఆదేశించారు. బాణాలను తేవద్దని ఆయన (స) అనలేదు. ఆ కాలంలో బాణం అవసరమైన వస్తువు. దానిని తేవచ్చు, మోయవచ్చు. మొనకు మాత్రం మోసేవారే బాధ్యులు. జనసమ్మర్దంలో తమ బాణం ఎవరికి తగలగలదో వారికి తెలియదు. తెలియదు గనుకనే ముందుగా మొనను మూయాలి. మాకు ఆ బాణమే గుండుసూది. మా బజారు, మా వద్దకు వచ్చిపోయే బట్టలు.

దాసుల హక్కులను గురించి మనం తరచుగా వింటుంటాము. అప్పు, ఆస్తి, పరోక్షనింద వంటి పెద్ద విషయాలే అప్పుడు మన మనసులో మెదులుతాయి. కుట్టి పంపిన గౌనులోని పాప పక్కలో నొప్పి లేకుండా ఉండడం కూడా ఒక దాసి హక్కే అని మేము ఆ పండుగ తరువాతనే గ్రహించాము.

లెక్క ఒక్కటి సరిగా ఉంటే చాలదు. సూది కూడా మంచి స్థితిలో ఉండాలి. మాది సముద్రపు గాలి వీచే ఊరు. ఇనుము, ఉక్కు ఇక్కడ త్వరగా తుప్పు పడతాయి. గుండుసూది సాధారణంగా ఉక్కుతో చేసి, పైన నికెల్ పూత పూసినదై ఉంటుంది. ఆ పూత గీసుకుపోయిన చోట తేమ చేరి తుప్పు మొదలవుతుంది. వేళ్ళ చెమటలోని ఉప్పు దానికి తోడవుతుంది. తుప్పు చుక్క ఆవగింజలో పదోవంతు ఉన్నా, తెల్లని బట్టకు అది గోధుమరంగు మచ్చను అంటిస్తుంది. నూలు బట్ట అయితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఉంచి ఉతికితే ఆ మచ్చ చాలావరకు పోతుంది. రంగు పట్టుకు ఆ ఉపాయం పనికిరాదు, రంగు కూడా పోవచ్చు. కనుక మచ్చ పడ్డాక వదిలించడం కంటే పడకుండా చూడడమే మేలు.

ఇందుకు మేము పాటించే పద్ధతులు చాలా తేలికైనవి. చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకున్న తరువాతనే సూదులను ముట్టుకుంటాము. వుదూ చేసి వచ్చిన తడి చేతులతో సూదిని తీయము. గుచ్చిన బట్టను రోజుల తరబడి అలాగే వదలము, ముఖ్యంగా వర్షాకాలంలో. ఆ రోజు కుట్టలేకపోతే సూదులు తీసి, వాటి స్థానంలో వదులుగా పోగు కుట్లు వేసి ఉంచుతాము. డబ్బా మూత గట్టిగా పట్టేదై ఉండాలి. కొత్త చేతిసంచులలోనూ చెప్పుల పెట్టెలలోనూ వచ్చే, తేమను పీల్చుకునే గింజల పొట్లం ఒకటి అందులో వేస్తాము. ఆ పొట్లాన్ని, సూదులను పసిపిల్లలకు అందనీయము.

సూదులను గుచ్చి ఉంచే దిండులో ఏమి నింపుతున్నామన్నది కూడా ముఖ్యమే. చాలామంది దూది నింపుతారు. దూది తేమను పీల్చి తనలో నిలుపుకుంటుంది, సూదులు లోలోపలే తుప్పు పడతాయి. గొర్రె ఉన్ని మేలైనది. ఉన్నిలో సహజంగా ఉండే కొద్దిపాటి జిడ్డు సూదికి పట్టి దానిని కాపాడుతుంది. అత్తగారు ఒక పాత గొంగళి ముక్కను పోగులుగా విడదీసి దిండులో కూరారు. కింది భాగంలో గట్టి అట్టముక్కను అమర్చారు, ఎందుకంటే మణికట్టుకు కట్టుకున్న దిండులో నుండి సూది దిగి చేతికి తగలరాదు. ఆ దిండు నేటికీ మా వద్ద ఉన్నది. పైబట్టను మూడుసార్లు మార్చాము, లోపలి ఉన్ని మాత్రం అదే.

ఇక పదును సంగతి. మొద్దుబారిన సూది ప్రమాదం తక్కువ కదా అని కొత్తగా నేర్చుకునేవారు అంటుంటారు. నిజం అందుకు విరుద్ధం. పదునైన సూది చిన్న ఒత్తిడికే గుడ్డలో దిగుతుంది. మొద్దు సూదిని బలంగా నెట్టాలి. అది ఒక్కసారిగా జారి గుడ్డ వెనుక ఉన్న వేలిలో దిగుతుంది. గుడ్డకు కూడా మొద్దు సూదే శత్రువు. అది పోగుల నడుమ దారి చేసుకోలేక పోగును లాగుతుంది. పట్టు మీద, సాటిన్ మీద ఆ లాగుడు గీత శాశ్వతంగా ఉండిపోతుంది. ప్రతి విషయంలోనూ శ్రేష్ఠతను పాటించాలని అల్లాహ్ విధించాడని, జంతువును జబహ్ చేసేవారు తమ కత్తికి పదును పెట్టి దానికి బాధ లేకుండా చూడాలని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన పాఠకులకు తెలిసినదే. పదును క్రూరత్వం కాదు, అది కరుణలో భాగమని ఆ బోధన మనకు నేర్పుతున్నది.

సూది మొనను పరీక్షించడానికి వేలును వాడవద్దు. పాత సాటిన్ ముక్క ఒకటి దగ్గర ఉంచుకుని, మొనను దానిపై మెల్లగా అడ్డంగా లాగి చూడాలి. జారిపోతే మంచిది. పోగును పట్టుకుంటే ఆ సూదిని పక్కన పెట్టాలి. కొంచెం గరుకు ఉన్నవాటిని బాగుచేయవచ్చు. దట్టమైన బట్టతో చిన్న సంచి కుట్టి, రెండు పొరలు వేసి, అందులో మెత్తని ఎమ్రీ పొడి నింపి, నోరు కుట్టివేయాలి. సూదిని అందులో అయిదారుసార్లు గుచ్చి తీస్తే మొన నునుపు దేలుతుంది. సన్నని ఎమ్రీ కాగితంపై మొనను తిప్పుతూ రాసినా ఫలితం ఉంటుంది. ఆ తరువాత పొడి గుడ్డతో తుడవాలి. అతిగా రాస్తే నికెల్ పూత పోయి తుప్పుకు దారి ఏర్పడుతుంది కాబట్టి, ఇది నెలకో రెండు నెలలకో చేసే పని మాత్రమే. ఎమ్రీ సంచిలో సూదులను నిలవ ఉంచరాదు. మిషను నూనె చుక్కను గుడ్డకు అంటించి సూదులను తుడవవచ్చు, కాని ఆ తరువాత మరో పొడి గుడ్డతో తుడవకపోతే బట్టకు నూనె మరక అంటుతుంది. వంగిన సూదిని తిన్నగా చేయడానికి ప్రయత్నించవద్దు. ఒకసారి వంగినది మళ్ళీ అక్కడే వంగుతుంది, లేదా విరుగుతుంది.

వాడే తీరు కూడా సూది ఆయుష్షును నిర్ణయిస్తుంది. పట్టుకు, సాటిన్‌కు సుమారు అర మిల్లీమీటరు మందం గల సన్నని సూదులు కావాలి. వాటిని కుట్టు లోపల మిగిలే అంచులోనే గుచ్చితే రంధ్రం బయటకు కనబడదు. రెక్సిన్ వంటివాటిలో పడిన రంధ్రం ఎన్నటికీ పూడదు. కుట్టుకు అడ్డంగా, తల చేతికి అందేటట్లు గుచ్చి, మిషను సూది దాని వద్దకు చేరకముందే తీసివేయాలి. గుండుసూది మీదుగా మిషను నడపడం చాలామందికి అలవాటు. రెండు సూదులూ ఢీకొంటే మిషను సూది విరిగి ముక్క కంటిలోకి ఎగరవచ్చు. విరగకపోయినా రెండింటి మొనలూ దెబ్బతింటాయి. ప్లాస్టిక్ తల ఉన్న సూది ఇస్త్రీ పెట్టె కింద కరిగి బట్టకు అంటుకుంటుంది. గాజు తలకు ఆ భయం లేదు. తీసిన సూదిని దిండుకే గుచ్చాలి. మన దుప్పట్టాకో, చొక్కా ఎదకో గుచ్చుకోరాదు. బిడ్డ ఏడ్చిందని పరుగెత్తి ఎత్తుకునే తల్లికి తన ఎదపై ఉన్న సూది గుర్తుండదు.

అన్నింటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉన్నది. గుండుసూదిని పెదవుల మధ్య పెట్టుకోవద్దు. కుట్టేవారికి, తలపై హిజాబ్ అమర్చుకునేవారికి ఉన్న ఈ అలవాటు ఎంత ప్రమాదకరమో ఎనిమిదేళ్ళ క్రితం మా కళ్ళారా చూశాము. మా వద్ద కుట్టు నేర్చుకుంటున్న పదహారేళ్ళ అమ్మాయి ఇంటికి బయలుదేరుతూ అద్దం ముందు హిజాబ్ సర్దుకుంటున్నది. సూది పెదవుల మధ్య ఉన్నది. తోటి అమ్మాయి ఏదో అనగానే ఫక్కున నవ్వింది. నవ్విన తరువాత మనిషి గాలి పీల్చుకుంటుంది కదా. ఆ శ్వాసతో పాటు సూది లోపలికి వెళ్ళిపోయింది. రెండు నిమిషాలు దగ్గింది. ఆ పైన దగ్గు ఆగిపోయింది. "ఏమీ లేదు ఆపా, కడుపులోకి వెళ్ళిపోయి ఉంటుంది" అన్నది.

పక్కింటివారు అరటిపండు తినిపించమన్నారు, అన్నం ముద్ద మింగించమన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. ఏమీ తినిపించకుండా, వాంతి చేయించకుండా, గొంతులో వేలు పెట్టకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఎక్స్‌రేలో సూది తెల్లని గీతలా కనబడింది. అది కడుపులో లేదు, కుడి ఊపిరితిత్తికి వెళ్ళే వాయునాళంలో ఉన్నది. కుడి నాళం ఎడమదానికంటే వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి లోపలికి జారిన వస్తువులు ఎక్కువగా అటే వెళతాయని వైద్యులు చెప్పారు. మరునాడు పెద్ద ఆసుపత్రిలో మత్తు ఇచ్చి, నోటి గుండా సన్నని గొట్టం పంపి సూదిని బయటకు తీశారు. కడుపు ఖాళీగా ఉండడం మత్తు ఇవ్వడానికి మేలు చేసింది. టర్కీ, ఈజిప్టు వంటి దేశాల వైద్యులు ఇటువంటి సంఘటనలను వైద్య పత్రికలలో అనేకం నమోదు చేశారు. బాధితులలో అధికులు ఎదిగే వయసు బాలికలే. దగ్గు ఆగిపోయింది గదా అని ఊరుకున్నవారిలో సూది రోజుల తరబడి లోపలే ఉండి హాని చేస్తుంది.

కనుక తల్లులారా, మీ కుమార్తెలకు హిజాబ్ కట్టుకోవడం నేర్పేటప్పుడు సూదిని ఎక్కడ ఉంచుకోవాలో కూడా నేర్పండి. అద్దం పక్కన చిన్న దిండు ఒకటి పెట్టండి, చాలు. సూదికి బదులు అయస్కాంతపు బొత్తాములు వాడే కుటుంబాలు కూడా ఉన్నాయి. వాటిని పసిపిల్లలకు అందనీయవద్దు. రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగుల గోడలకు అటూ ఇటూ నిలిచి, ఒకదానినొకటి లాగుకుని పేగుకు రంధ్రం చేయగలవు.

పనికిరాని సూదులను ఏమి చేయాలి? ఒకప్పుడు మేము వాటిని చెత్తలో పడవేసేవాళ్ళము. చెత్తను చేతితో వేరుచేసే పారిశుధ్య కార్మికుల వేళ్ళ సంగతి మాకు తోచలేదు. చెత్తకుప్ప వద్ద మేసే ఆవు సంగతీ తోచలేదు. పశువు మేతను నమలకుండానే మింగుతుంది. మేతతో పాటు వెళ్ళిన సూదులు, తీగలు దాని కడుపులోని రెండవ గదిలో చేరి, గోడను చీల్చుకుని గుండెను కూడా తాకగలవు. నోరులేని ఆ జీవి బాధ ఎవరి వల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు, అల్లాహ్‌కు తప్ప. ఇప్పుడు మేము గట్టి మూత ఉన్న మందుల సీసాలో వాటిని వేస్తాము. సీసా నిండిన తరువాత మూతకు టేపు చుట్టి, లోపల సూదులు ఉన్నవని కాగితంపై రాసి అంటించి, చెత్త బండి వచ్చినప్పుడు విడిగా, చెప్పి మరీ ఇస్తాము. దారి నుండి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) తెలిపారు. దారిలో ఉన్న ముల్లును తీయడం విశ్వాసంలో భాగమైనప్పుడు, మన చేతులతో ముళ్ళను దారిలో వేయకుండా ఉండడం అంతకంటే ముందు రావాలి కదా.

అయిదేళ్ళ క్రితం మా అత్తగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. చివరి రోజులలో ఆమెకు కళ్ళు సరిగా కనబడేవి కావు. అయినా సాయంత్రం పూట దిండును ఒడిలో పెట్టుకుని, సూదుల తలలను వేలి కొసలతో తడుముతూ లెక్కపెట్టేవారు.

పండుగనాటి ఆ సోదరి రెండేళ్ళపాటు మా వద్దకు బట్టలు తేలేదు. మేము కూడా వెళ్ళి అడగలేదు. అడిగే హక్కు మాకు లేదనిపించింది. మూడో ఏడు పాప స్కూలు యూనిఫారం గుడ్డ పట్టుకుని ఆమే వచ్చారు. ఏమీ అనలేదు, కొలతలు ఇచ్చి వెళ్ళారు. ఆ నాటి నుండి నేటి వరకు వారింటి బట్టలు మేమే కుడుతున్నాము.

ఆ పాపకు ఇప్పుడు ఇరవై ఏళ్ళు. పోయిన నెలలో ఆమె నికాహ్ జరిగింది. పెళ్ళి దుస్తులను మేమే కుట్టాము. తీసుకువెళ్ళడానికి తల్లి వచ్చినప్పుడు, మడవడానికి ముందు మేము సూదులను లెక్కపెట్టడం ఆమె చూస్తూ నిలబడ్డారు. మా రెండు దిండ్లలోనూ లెక్క పూర్తి అయింది. "సరిపోయిందా?" అని అడిగారు. సరిపోయిందన్నాము. అయినా ఆమె ఆ దుస్తుల నడుము భాగాన్ని రెండు చేతులతో ఒకసారి నెమ్మదిగా తడిమి చూసుకున్నారు. మాకు బాధ కలుగలేదు. తల్లి చేయవలసిన పనిని ఆమె చేశారు. మేము చేయవలసిన పనిని మేము చేశాము.

మా చేతుల నుండి వెళ్ళే ఏ వస్తువూ ఏ దాసునికీ ఏ దాసికీ బాధ కలిగించకుండా అల్లాహ్ మమ్మల్ని కాపాడుగాక. మాకు లెక్క నేర్పిన ఆ తల్లి లెక్కను ప్రళయదినాన తేలిక చేయుగాక. ఆమీన్.